మిర్రర్‌లెస్ కెమెరా సతాయిస్తోందా? సర్వీస్ సెంటర్‌కి వెళ్లే ముందు ఇవి చూడండి

ఇంట్లో తీసిన ఫోటోలు మసకగా వస్తున్నాయి

ఎక్కువమంది అడిగేది ఇదే, అడిగినవాళ్లలో చాలామంది లెన్స్ పాడైందనే అనుకుంటారు. ముందు ఆ ఫోటో తెరిచి షట్టర్ స్పీడ్ (ఫోటో తీసేటప్పుడు వెలుతురు లోపలికొచ్చే సమయం) ఎంతుందో చూడండి. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌ని జూమ్ చేసేకొద్దీ ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/5.6 దాకో ఇంకా చిన్నగానో తగ్గిపోతుంది, లోపలికొచ్చే వెలుతురు తగ్గిపోతుంది, ఆ లోటు పూడ్చడానికి ఆటో మోడ్‌లో కెమెరా 1/30 సెకను లాంటి స్పీడ్‌కి దిగిపోతుంది, ఆ కాస్తలోనే పిల్లలు కదిలేస్తారు. స్టెబిలైజేషన్ ఉంది కదా అంటారేమో, అది మీ చేతి వణుకుని సరిచేస్తుందంతే, ఎదుటివాళ్ల కదలికని ఆపలేదు. షట్టర్ ప్రయారిటీలో (షట్టర్ స్పీడ్ మనమే పెట్టుకునే మోడ్) 1/250 పెట్టి ఐఎస్ఓని (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె) ఆటోకి వదిలేయండి. 6400 కనిపించినా టెన్షన్ పడొద్దు. నాయిస్‌ని (ఫోటోలో కనిపించే గరుకు చుక్కల్ని) తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన మొహాన్ని మాత్రం మళ్లీ తెచ్చుకోలేం.

మనిషి మసగ్గా ఉండి వెనక గోడ స్పష్టంగా ఉంటే అది ఫోకస్ సమస్య. ఫోకస్ సెట్టింగ్‌లో వైడ్ ఏరియా తీసేసి సింగిల్ పాయింట్ పెట్టండి, మనుషులైతే ఐ డిటెక్షన్ (కంటిని గుర్తుపట్టి ఫోకస్ చేసేది) ఆన్ చేయండి.

ఫోటోలో అడ్డంగా చారలు

సైలెంట్ షట్టర్ (ఎలక్ట్రానిక్ షట్టర్) ఆన్‌లో ఉందేమో చూడండి. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో సెన్సర్ (ఫోటోని నమోదు చేసే చిప్) వరసలు ఒకదాని తర్వాత ఒకటి నమోదవుతాయి, ఈలోగా ఎల్ఈడీ లైటు కంటికి కనపడనంత వేగంగా మిణుకుతుంటే కొన్ని వరసలు వెలుగ్గా, కొన్ని చీకటిగా పడతాయి. మెకానికల్ షట్టర్‌కి మార్చండి. అది లేని మోడల్ అయితే, 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట షట్టర్ స్పీడ్ 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ అయితే 1/60 లేదా 1/125 పెట్టి చూడండి.

స్క్రీన్ ఉన్నట్టుండి నల్లబడుతోంది

వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) పక్కన చిన్న ఐ సెన్సర్ ఉంటుంది. దానికి చెయ్యో, స్ట్రాపో, దుమ్మో అడ్డొస్తే మీరు కన్ను పెట్టారనుకుని కెమెరా స్క్రీన్ ఆపేస్తుంది. మెత్తటి గుడ్డతో తుడవండి.

ఆకాశంలో ప్రతి ఫోటోలో అదే చోట మచ్చ

సెన్సర్ మీద దుమ్ము. మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు కాబట్టి లెన్స్ తీస్తే చాలా మోడళ్లలో సెన్సర్ నేరుగా బయటపడుతుంది. ఎఫ్/16లో తెల్లగోడని తీస్తే మచ్చలు బాగా కనిపిస్తాయి. మెనూలో క్లీనింగ్ పెట్టి, కెమెరాని కిందికి వంచి రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో మాత్రం అస్సలు ఊదకండి, తుంపర పడితే మరక అవుతుంది.

బ్యాటరీ త్వరగా అయిపోతోంది

సెన్సర్, స్క్రీన్ ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి, కొంత తప్పదు. వాడనప్పుడు వైఫై, బ్లూటూత్ ఆపండి, ఆటో పవర్ ఆఫ్ 1 నిమిషానికి పెట్టండి, ఇంకో బ్యాటరీ కొని బ్యాగులో ఉంచుకోండి.