ఆఫీసులో మీ మాట ఎంతవరకు చెల్లుతుంది? తెలుసుకోవడం ఎలా?

రెండేళ్ల కిందట, మాదాపూర్‌లోని మా ఆఫీసులో ఓ శుక్రవారం సాయంత్రం టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడితో "వీలైతే ఈ రిపోర్ట్ ఒకసారి చూడు" అన్నాను. నా లెక్కలో అది సోమవారం పని. అతను రాత్రి పదింటిదాకా కూర్చున్నాడు. బతుకమ్మకు హన్మకొండ వెళ్లడానికి టికెట్ తీసుకున్న బస్సు పోయింది. ఆ సంగతి వారం తర్వాత వేరేవాళ్లు చెబితే తెలిసింది. నాతో చెప్పొచ్చు కదా అంటే, "మీరు అడిగారు కదా సార్" అన్నాడు.

అప్పటిదాకా నా చేతిలో ఏముందిలే, పైవాళ్లు చెప్పింది కిందికి చేరవేసే పోస్ట్‌మ్యాన్‌ని అనుకునేవాణ్ణి. మీరూ అలాగే అనుకుంటుంటే ఈ పని చేసి చూడండి.

1. వారం రోజులు రాసుకోండి

చిన్న నోట్‌బుక్ చాలు. ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం వద్దు. ఇవాళ నా మాట మీద ఎవరు ఏం చేశారు, ఎవరి మాట మీద నేనేం చేశాను, ఎందుకు కాదనలేదు? అంతే. రాయదుర్గంలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేలోపు అయిపోతుంది.

2. ఆ బలం ఎక్కడిదో చూడండి

జాన్ ఫ్రెంచ్, బెర్‌ట్రమ్ రావెన్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు 1959లో ఇలాంటి బలానికి ఐదు మూలాలు చెప్పారు: పదవి, ఏదైనా ఇవ్వగలగడం, శిక్షించగలగడం, పనిలో నైపుణ్యం, మనిషి మీద ఉండే అభిమానం. 1965లో రావెన్ ఆరోది కలిపాడు, సమాచారం. మీరు రాసుకున్న ప్రతి సంఘటన పక్కన ఇందులో ఏది పనిచేసిందో రాయండి. ఒక్కోసారి రెండు మూడు కలిసి ఉంటాయి.

ఇక్కడే ఆశ్చర్యాలు ఎదురవుతాయి. మా దగ్గర నైట్ షిఫ్ట్ క్యాబ్‌ల లిస్ట్ వేసే అతనికి పెద్ద హోదా లేదు, కానీ అతనితో ఎవరూ గొంతు పెంచరు. ఒకావిడ "చాయ్‌కి పోదామా" అంటే ఐదుగురు లేస్తారు, నేనంటే ఫోన్లు చూసుకుంటారు. నా మాట వింటున్నది నాకు పని తెలుసనే అనుకున్నాను. నోట్‌బుక్ తిరగేస్తే ఎక్కువ చోట్ల కనిపించింది లీవులూ, రేటింగూ. అప్రైజల్‌కు ముందు నెలలో నా జోకులకు నవ్వులు ఎందుకు పెరుగుతాయో అప్పుడు అర్థమైంది.

3. మీ ముందు ఎవరు నోరు మూసుకుంటున్నారో గమనించండి

రెండు మీటింగుల్లో అందరికంటే ఆఖరున మాట్లాడండి. నేను అలా చేసిన మొదటి రోజే టెస్టింగ్ చూసే అమ్మాయి "ఈ డేట్‌కి కాదు సార్" అంది. నేనే ముందు డేట్ చెప్పి ఉంటే తలూపేదే.

ఇంకోటి, భాష. మన ఆఫీసుల్లో మీటింగ్ ఇంగ్లీషులో, అసలు సంగతి చాయ్ దగ్గర తెలుగులోనో హిందీలోనో నడుస్తుంది. ఇంగ్లీషు ధాటిగా మాట్లాడేవాడి మాట, అందులో పస ఉన్నా లేకున్నా, నెగ్గుతుంది. ఆ ధాటి మీకుంటే అదీ లెక్కలోకి రావాలి.

4. వాడకుండా వదిలేసిన బలాన్ని రాయండి

రాత్రి తొమ్మిదింటి క్లయింట్ కాల్‌ను గంట ముందుకు జరపమని రెండేళ్లు నేను అడగనే లేదు. అడిగితే ఒక్క మెయిల్‌తో అయిపోయింది. ఆ రెండేళ్లు ఇంట్లో అన్నం చల్లారిపోయింది నా ఒక్కడికే కాదు.

5. సరైన మనిషిని అడగండి

మీ కింద పనిచేసేవాళ్లను "నా గురించి నిజం చెప్పు" అని అడగొద్దు. వాళ్లు చెప్పలేరు, ఊరికే టెన్షన్ పడతారు. వేరే టీమ్‌కి మారిపోయిన పాత సహోద్యోగిని అడగండి. అదీ "నేనెలాంటివాణ్ణి" అని కాదు, "నేను ఏ మాట అంటే నువ్వు కాదనలేకపోయేవాడివి?" అని. నేను అడిగినప్పుడు అతను క్షణం కూడా ఆలోచించలేదు. "వీలైతే" అన్నాడు.

ఇప్పుడు "సోమవారం మధ్యాహ్నానికి ఇస్తే చాలు, ఇవాళ ముట్టుకోకు" అని విడమరిచి చెబుతున్నాను. మొన్న అలా చెప్పాక కూడా కొత్తగా వచ్చిన అబ్బాయి బ్యాగు భుజానికేసుకుని నా సీటు దగ్గరికొచ్చి, "నిజంగా వెళ్లొచ్చా సార్?" అని అడిగాడు.