పిడుదుల కాలంలో పెంపుడు జంతువులకూ మనకూ రక్షణ

పిడుదులు ఎగరవు, దూకవు. గడ్డికొసల మీద పొంచి ఉండి, పక్కనుంచి వెళ్లే జంతువునో మనిషినో పట్టుకుంటాయి. అందుకే పొదల్లో తిరిగి వచ్చిన ప్రతిసారీ కుక్క చెవుల లోపల, మెడపట్టీ కింద, కాలివేళ్ల సందుల్లో తడిమి చూడాలి. మన చంకలనూ, మోకాళ్ల వెనుక భాగాన్నీ, పిల్లల తలలనూ వదలకూడదు.

కరిచి పట్టుకున్న పిడుదును సన్నమొన పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకొని, మెలితిప్పకుండా, ఒకే బలంతో నిటారుగా లాగి, ఆ చోటును సబ్బుతో కడగాలి. కిరోసిన్ పోయడం, నిప్పుతో కాల్చడం దయచేసి చేయకండి. పిడుదు కాటుతో వచ్చే లైమ్ అనే బ్యాక్టీరియా వ్యాధి సోకడానికి, అది కరిచి పట్టుకున్నాక సాధారణంగా 24 గంటలకు పైగా పడుతుంది కనుక త్వరగా తీయడమే ముఖ్యం.

పిడుదులను చంపడానికి కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లులకు ప్రాణాంతకం కావచ్చు; పశువైద్యుణ్ని అడగకుండా వాడకండి. కరిచిన కొన్ని వారాల్లో మనకు జ్వరమో దద్దురో వస్తే, పిడుదు కరిచిన సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి.