దండెం మీద చొక్కాలతో ప్రదర్శన పెట్టడం ఎలా?

1990లో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని హయానిస్ ఊళ్లో కొందరు మహిళలు నలుగురూ తిరిగే చోట దండెం కట్టి 31 చొక్కాలు వేలాడదీశారు. ఇంట్లోనో బయటో హింస అనుభవించిన వాళ్లు తమకు జరిగింది చొక్కాల మీద రాశారు, బొమ్మలు వేశారు. దానికి ‘క్లోత్స్‌లైన్ ప్రాజెక్ట్’ అని పేరు. ఇంటి గుట్టు రచ్చకెక్కకూడదని నోరు నొక్కేసే మన దగ్గర కూడా ఇది బాగా పనికొస్తుంది. నవంబర్ 25, మహిళలపై హింస నిర్మూలన దినం నాడు కాలేజీలోనో కాలనీలోనో పెట్టొచ్చు.

1. మొదట కౌన్సెలర్‌ని మాట్లాడుకోండి. రాస్తూ రాస్తూ ఎవరైనా కుప్పకూలితే ‘ఊరుకోమ్మా’ అంటే సరిపోదు. మనిషి దొరక్కపోతే తేదీ మార్చుకోండి.

2. పాత టీషర్టులు, కుర్తీలు, ఫ్యాబ్రిక్ పెయింట్ చాలు. రాసే ముందు చొక్కా లోపల అట్టముక్క పెట్టండి, లేకపోతే రంగు వెనక్కి దిగి అక్షరాలు అలుక్కుపోతాయి.

3. రాయడానికి తలుపు వేసుకునే గది కావాలి. ఫోన్లు బయటే. అసలు పద్ధతిలో చనిపోయిన వాళ్లకు తెలుపు, దెబ్బలు తిన్న వాళ్లకు పసుపు, అత్యాచారానికి ఎరుపు, ఇలా రంగుల లెక్క ఉంది. చిన్న కాలేజీలో దాన్ని వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. ఎవరు ఏ రంగు తీసుకున్నారో ఒక్కరు చూసినా సాయంత్రానికి హాస్టలంతా తెలిసిపోతుంది. చేతిరాత గుర్తుపడతారని టెన్షన్ పడే వాళ్లకు స్నేహితురాలు రాసిపెట్టొచ్చు.

4. పేర్లు వద్దు, ఊరు, బ్రాంచి లాంటి ఆనవాళ్లూ వద్దు. అత్యాచార బాధితురాలి వివరాలు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. నిందితుడి పేరు రాస్తే పరువునష్టం కేసు తలనొప్పి. కడుపుమంట ఎంతున్నా ఆ పేరు చెప్పాల్సింది ఫిర్యాదులో.

5. తాడు కంటి ఎత్తులో బిగించి కట్టండి. పక్కనే బోర్డు మీద మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112, పిల్లలకైతే 1098 పెద్దక్షరాల్లో రాయండి. సెల్ఫీలకు ఒప్పుకోవద్దు.

6. రాసిన మనిషి మనసు మార్చుకుంటే, ప్రదర్శన మధ్యలోనైనా సరే, కారణం అడగకుండా ఆ చొక్కా దించి ఆమె చేతికిచ్చేయండి.