వీఆర్ హెడ్‌సెట్ కొనే ముందు స్కేలు తీసుకుని అక్షరం కొలవండి

ట్రైనింగ్ కోసమో, డిజైన్ చూసుకోవడానికో ఆఫీసులో మంచి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ కొనాలనుకుంటున్నారా? బ్రోషర్లు పక్కన పెట్టి ముందు ఒక స్కేలు, ఒక టేపు పట్టుకుని, మీరు వీఆర్‌లో చూపించబోయే అసలు మెషిన్ దగ్గరికి వెళ్లండి. అక్కడ నిలబడి మీ మనిషి చదవాల్సిన వాటిలో అన్నిటికన్నా చిన్న అక్షరం ఏదో వెతికి, దాని ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లో, కంటికి ఎంత దూరంలో ఉందో రాసుకోండి. మేము మొదటిసారి పెట్టిన ట్రైనింగ్ రూములో ఈ పని చేయలేదు. బొమ్మ బ్రహ్మాండంగా ఉందని అందరం సంబరపడుతుంటే, కొత్తగా చేరిన కుర్రాడు "సార్, గేజ్‌లో ముల్లు కనిపిస్తోంది గానీ అంకె కనపడట్లేదు" అన్నాడు. ప్రెషర్ ఎంతుందో చదవలేని మనిషికి వాల్వ్ ఎప్పుడు తిప్పాలో ఎలా నేర్పిస్తాం? ఆ రోజు నుంచి నేను ఎవరికి చెప్పినా ముందు ఈ కొలత సంగతే చెబుతున్నాను.

లెక్క చాలా తేలిక. అక్షరం ఎత్తును 57.3తో గుణించి, దూరంతో భాగించండి (రెండూ మిల్లీమీటర్లలోనే ఉండాలి). ఆ అక్షరం మన కంటికి ఎన్ని డిగ్రీలుగా కనిపిస్తుందో వస్తుంది. దాన్ని హెడ్‌సెట్‌లో డిగ్రీకి ఎన్ని పిక్సెళ్లున్నాయో (పిక్సెల్ అంటే స్క్రీన్ మీద బొమ్మను గీసే చిన్న చుక్క) ఆ అంకెతో గుణిస్తే, అక్షరం ఎత్తుకు ఎన్ని పిక్సెళ్లు దక్కుతాయో తెలిసిపోతుంది. ఉదాహరణకి 70 సెంటీమీటర్ల దూరంలో 3 మిల్లీమీటర్ల అంకె ఉందనుకోండి, అది దాదాపు పావు డిగ్రీ. డిగ్రీకి 25 పిక్సెళ్లుండే మెటా క్వెస్ట్ 3లో దానికి 6 పిక్సెళ్లు వస్తాయి, 35 ఉండే వర్యో కంపెనీ ఏరోలో ఎనిమిదిన్నర, 51 ఉండే వర్యో ఎక్స్‌ఆర్-4లో 12 దాటుతుంది. కాగితం మీద గళ్లు గీసి చూస్తే 5 గళ్ల ఎత్తులో ఇంగ్లిష్ అక్షరం రాయొచ్చు, నిజమే. కానీ వీఆర్‌లో తల క్షణం కూడా కదలకుండా ఉండదు, పైగా లెన్స్ వంపును సరిచేయడానికి బొమ్మను సాగదీస్తారు, దాంతో ఆ 5 గళ్లూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అందుకే ఇంగ్లిష్ అక్షరాలకీ అంకెలకీ 10 పిక్సెళ్లు ఉండాలనేది నేను పెట్టుకున్న గీత. సేఫ్టీ బోర్డులు తెలుగులో ఉంటే అది కూడా చాలదు. ఒత్తులు, గుణింతాలు స్పష్టంగా విడివిడిగా కనిపించాలి కదా, "విద్యుత్" అనే మాటలో ద కింద య ఒత్తు పోతే మిగిలేది మరకే. తెలుగుకి కనీసం ఒకటిన్నర రెట్లు వేసుకోండి.

మామూలు చూపున్న కన్ను డిగ్రీలో 60వ వంతు తేడాను పట్టగలదు, అందుకే ఈ రంగంలో అందరూ డిగ్రీకి 60 పిక్సెళ్లు అనే అంకె వెంట పడతారు. ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో 2016లో మొదలైన వర్యో కంపెనీ (ఆ మాటకి ఫిన్నిష్‌లో నీడ అని అర్థం) 2019లో తెచ్చిన వీఆర్-1లో ఈ అంకెను అందుకుంది, కాకపోతే చూపు మధ్య భాగంలో మాత్రమే. తర్వాత వచ్చిన వీఆర్-3లోనూ అదే పద్ధతి: మధ్యలో 27 డిగ్రీల మేర 70 దాటిన స్పష్టత, దాని చుట్టూ 30 చిల్లర. ఇలాంటి వాటిలో దేన్నయినా సరిగ్గా చదవాలంటే కళ్లు తిప్పితే సరిపోదు, తల తిప్పాలి. ఒక్క పానెల్‌నే చూస్తూ పనిచేసేవాళ్లకి ఇది ఇబ్బంది కాదు, కానీ క్రేన్ ఆపరేటర్లాగా కళ్లతో పక్కకి చటుక్కున చూసే పనులకి ఇది తప్పుడు అలవాటు నేర్పుతుంది. 2023 చివర్లో సుమారు 4,000 డాలర్ల ధరతో ప్రకటించిన ఎక్స్‌ఆర్-4 దీన్ని వదిలేసి, ఒక్కో కంటికి 3840 × 3744 పిక్సెళ్ల ఒకే స్క్రీన్ పెట్టింది. నన్నడిగితే ట్రైనింగ్‌కి ఈ రెండో పద్ధతే మేలు.

ఇది ఆటబొమ్మల వ్యవహారం కాదని పైవాళ్లని ఒప్పించాల్సి వస్తే రెండు ఉదాహరణలు చెప్పండి. బోయింగ్ తన స్టార్‌లైనర్ వ్యోమగాముల శిక్షణకి వర్యో హెడ్‌సెట్లు వాడింది. యూరప్ విమానయాన భద్రతా సంస్థ ఈఏఎస్ఏ 2021 ఏప్రిల్‌లో మొదటిసారి వీఆర్‌తో నడిచే సిమ్యులేటర్‌కి ఆమోదం ఇచ్చింది, స్విట్జర్లాండ్‌లో తయారైన ఆ సిమ్యులేటర్ రాబిన్సన్ ఆర్22 హెలికాప్టర్‌ది.

ఇక ఎక్కువ మంది బోల్తాపడే చోటు హెడ్‌సెట్ కాదు, 3డీ మోడల్. 60 సెంటీమీటర్ల వెడల్పున్న కంట్రోల్ పానెల్ మొత్తానికి 1024 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటో అతికించారనుకోండి, మిల్లీమీటరుకి ఒకటిన్నర చిల్లర పిక్సెళ్లే వస్తాయి, అంటే మన 3 మిల్లీమీటర్ల అంకెకి అయిదు. అది ఫొటోలోనే అలుక్కుపోయి ఉంది, ఎన్ని లక్షలు పోసి కొన్న హెడ్‌సెట్ పెట్టినా చదవలేరు! 4096 ఫొటో వాడితే అదే అంకెకి 20 వస్తాయి. మోడల్ చేసే టీమ్‌కి ఈ లెక్క ముందే ఇచ్చేయండి, గేజ్‌లు, లేబుళ్లు, నేమ్‌ప్లేట్‌లకి విడిగా పెద్ద ఫొటోలు వాడమనండి, గోడలకీ పైపులకీ చిన్నవి చాలు. ఏటవాలుగా చూసినప్పుడు అక్షరం మసకబారకుండా అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్ పూర్తిగా పెంచండి. అంచులు నునుపు చేయడానికి టీఏఏ అనే పద్ధతి వాడుతుంటే ఒకసారి ఆపి, ఎంఎస్ఏఏ అనే ఇంకో పద్ధతితో చూడండి, చిన్న అక్షరాల దగ్గర తేడా వెంటనే తెలుస్తుంది.

కంప్యూటర్ సంగతి. ఎక్స్‌ఆర్-4 రెండు కళ్లకీ కలిపి 2.87 కోట్ల పిక్సెళ్లు, అంటే ఒక 4కే మానిటర్‌కి దాదాపు మూడున్నర రెట్లు. సెకనుకి 90 సార్లు గీయాలంటే ఒక్కో బొమ్మకి 11 మిల్లీసెకన్లే టైమ్ దొరుకుతుంది. కాబట్టి ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4090 స్థాయి గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఈ తరగతి హెడ్‌సెట్ జోలికి వెళ్లొద్దు. కార్డు చాలకపోతే సాఫ్ట్‌వేర్ చాలాసార్లు ఏమీ చెప్పకుండా రిజల్యూషన్ తగ్గించేస్తుంది, హెడ్‌సెట్‌ని కంప్యూటర్‌తో నడిపించే స్టీమ్‌వీఆర్ సాఫ్ట్‌వేర్‌లో రిజల్యూషన్ ఆటోలో ఉంటే సరిగ్గా ఇదే జరుగుతుంది, మనం మాత్రం హెడ్‌సెట్‌ని తిట్టుకుంటాం. కస్టమ్‌లో పెట్టి అంకె మీరే ఫిక్స్ చేయండి. కన్ను ఎటు చూస్తోందో పట్టుకుని అక్కడ మాత్రమే పూర్తి స్పష్టత ఇచ్చే ఫోవియేటెడ్ రెండరింగ్‌ని మీ సాఫ్ట్‌వేర్ సపోర్ట్ చేస్తే తప్పకుండా ఆన్ చేయండి, అన్నిటికన్నా ఎక్కువ ఊపిరి ఇచ్చేది అదే. కేబుల్ గ్రాఫిక్స్ కార్డు డిస్‌ప్లేపోర్ట్‌కే నేరుగా పెట్టాలి, మదర్‌బోర్డుకి కాదు, దొరికిన అడాప్టర్‌తో కాదు.

రూములో కిటికీలకి మందపాటి కర్టెన్లు వేయించండి. హెడ్‌సెట్ లెన్స్ మీద ఎండ పడితే భూతద్దంలా పనిచేసి లోపలి స్క్రీన్ మీద మచ్చ కాల్చేస్తుంది, మన మే నెల ఎండకి బల్ల మీద కాసేపు వదిలేసినా చాలు, ఆ మచ్చ ఇక పోదు. తల ఎటు కదిలిందో పట్టుకోవడానికి గదిలో బిగించే బేస్ స్టేషన్లు వాడుతుంటే అద్దాలు, మెరిసే స్టీలు బీరువాలు కప్పేయండి. కెమెరాలతో బయటి గది చూపించే హెడ్‌సెట్ అయితే సెట్టింగ్‌లో ఫ్లికర్‌ని 50 హెర్ట్జ్‌కి మార్చండి, మన కరెంటు 50 కాబట్టి 60లో వదిలేస్తే ట్యూబ్‌లైట్ల కింద బొమ్మ మినుకుమినుకుమంటుంది. కెమెరాలోంచి కనిపించేది స్క్రీన్ అంత స్పష్టంగా ఉండదన్నది కూడా గుర్తుంచుకోండి. నిజమైన బటన్ల మీద రాతలు కెమెరాతో చదివించాలంటే ఆ లెక్క వేరే వేయాలి. డిఫెన్స్ పనులు చేసే చోట ఇదే కెమెరా గేటు దగ్గర ఆగిపోతుంది, ముందే సెక్యూరిటీ వాళ్లతో మాట్లాడండి.

మనుషుల కళ్ల గురించి మాత్రం ఓపిగ్గా వినండి. ఒక్కొక్కరికీ రెండు కంటిపాపల మధ్య దూరం సరిగ్గా పెట్టకపోతే ఎంత ఖరీదైన స్క్రీనైనా మసగ్గానే ఉంటుంది, పైగా తలనొప్పి. హెడ్‌సెట్లలో లెన్స్ ఫోకస్ సాధారణంగా ఒకటి రెండు మీటర్ల దగ్గర స్థిరంగా ఉంటుంది కాబట్టి, దూరం కనపడక అద్దాలు పెట్టుకునేవాళ్లకి లోపల కూడా అద్దాలు కావాలి. చత్వారం అద్దాలు మాత్రమే వాడే సీనియర్లకి చాలాసార్లు అవి అక్కర్లేదు. బయట గేజ్ చదవడానికి ఇబ్బంది పడే పెద్దాయన వీఆర్‌లో టకటకా చదివేస్తుంటే ఆయన మొహంలో వెలుగు చూడాలి! కాకపోతే అర మీటరు కన్నా దగ్గరి వస్తువుని ఎక్కువసేపు చూపించొద్దు, రెండు కళ్లూ దగ్గరికి తిరుగుతాయి గానీ ఫోకస్ దూరంలోనే ఉంటుంది, ఆ పెనుగులాటకే కళ్లు లాగేస్తాయి. కొత్తవాళ్లకి మొదటి రోజు 15 నిమిషాలు చాలు. కళ్లు తిరుగుతున్నాయంటే ఓర్చుకోమనకండి, వెంటనే తీసేయించండి, తేరుకునేదాకా బండి నడపనివ్వొద్దు. ఫోమ్ బదులు తుడవగలిగే ఫేస్ కుషన్ తీసుకోండి, షిఫ్టుకి పది మంది చెమట పడుతుంది దాని మీద.

కొనే ముందు ఇంకొకటి అడగండి, ఈ హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌ని ఎన్నేళ్లు సపోర్ట్ చేస్తారని. మైక్రోసాఫ్ట్ తన వీఆర్ సాఫ్ట్‌వేర్ విండోస్ మిక్స్‌డ్ రియాలిటీని విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో తీసేసినప్పుడు, దాని మీదే ఆధారపడిన హెచ్‌పీ రివర్బ్ జీ2 లాంటి మంచి హెడ్‌సెట్లు ఆ అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్లలో పనిచేయకుండా పోయాయి. మీ అప్లికేషన్‌ని రకరకాల కంపెనీల హెడ్‌సెట్లకి ఉమ్మడిగా ఉండే ఓపెన్‌ఎక్స్ఆర్ అనే ప్రమాణం మీద రాయించుకుంటే రేపు హెడ్‌సెట్ మారినా పని అంతా మళ్లీ మొదటికి రాదు.

డెమోకి వచ్చినవాళ్లు తమ షోరూమ్ కారు బొమ్మే చూపిస్తారు, దాంతో సరిపెట్టుకోవద్దు. మీ మోడల్, మీ కంప్యూటర్, మీరు కొలిచిన ఆ చిన్న అంకె పెట్టించండి. ఆ పానెల్‌ని ముందెప్పుడూ చూడని ఇద్దరు ముగ్గుర్ని పిలిచి, అంకెలు మారుస్తూ పదిసార్లు పైకి చదవమనండి, సగం సార్లు నేరుగా, సగం సార్లు తల కదపకుండా కళ్లు పక్కకి తిప్పి. ఎన్ని తప్పులొచ్చాయో కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని కొటేషన్‌తో పాటు ఫైల్‌లో పెట్టాకే ఆర్డర్ ఇవ్వండి.