చేతి అల్లిక నేర్చుకుందాం – 4వ పాఠం: ప్లెయిన్ కుట్టును చక్కబెట్టడం

కిందటి పాఠంలో 30 కుట్లు ఎక్కించి, ప్రతి వరుసా ప్లెయిన్‌గానే అల్లమన్నాం. ఆ ముక్క చేతిలో పెట్టుకుని కూర్చోండి. ఇవాళ కొత్త కుట్టేమీ లేదు. పర్ల్ (ప్లెయిన్‌కి తిరగేసిన కుట్టు, బుడిపె మన వైపు పడేది) ఎప్పుడు చెబుతారని తొందరగా ఉంటుంది, నిజమే. కానీ ఇది కుదరకుండా పర్ల్‌కి వెళితే రెండూ వంకరగానే వస్తాయి.

ముక్కను కిటికీ దగ్గర వెలుతురులో చూడండి. కృష్ణా కాలవ కింద వరి మడుల్లాగా గట్టు, పల్లం, గట్టు, పల్లం కనిపిస్తాయి. ఒక గట్టు అంటే రెండు వరుసలు. ఈ కుట్టులో ఒక వరుస ఎత్తు కుట్టు వెడల్పులో దాదాపు సగమే ఉంటుంది. అందుకే 30 కుట్ల మీద 30 గట్లు పూర్తయ్యేసరికి ముక్క ఇంచుమించు చదరం అవుతుంది. టేపు తీయక్కర్లేదు, గట్లు లెక్కపెడితే చాలు.

మంగళగిరి మగ్గం మీద పడుగు వేరు, పేక వేరు. ఇక్కడ ఉన్నది ఒకే దారం, ఉచ్చులోంచి ఉచ్చు. ప్లెయిన్ కుట్టు వేసినప్పుడు కొత్త ఉచ్చు మీ వైపుకి వస్తుంది, పాత ఉచ్చు తల అవతలి వైపు బుడిపెగా నిలుస్తుంది. పని తిప్పి మళ్లీ అదే చేస్తే బుడిపె ఈసారి రెండో వైపు పడుతుంది. రెండు ముఖాల మీదా లాగుడు సమానం కాబట్టి గుడ్డ చుట్టుకుపోదు. నిలువుగా లాగితే మాత్రం హార్మోనియం తిత్తిలా సాగుతుంది. ఈ కుట్టుతో నూలు సంచీ అల్లితే కూరగాయల బరువుకి మోకాలిదాకా దిగడానికి కారణం అదే.

సూదుల సంగతి కాస్త చెప్పాలి. పాత బ్రిటిష్ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 8వ నంబరు అంటే 4 మి.మీ., 10వ నంబరు అంటే 3.25 మి.మీ. డబుల్ నిట్ అనే మధ్యరకం లావు ఊలుకి 8వ నంబరు తీసుకోండి. 10 సెం.మీ.కి 20 నుంచి 22 కుట్లు రావాలి. అంతకంటే ఎక్కువ వస్తే మీ చేయి బిగువు, తక్కువైతే వదులు. ఈ ఎండల్లో నూలు దారమే హాయి అనిపిస్తుంది గానీ నూలుకి సాగే గుణం లేదు, చేతి తప్పు ప్రతిదీ బయటపెడుతుంది. ముందు లేతరంగు అక్రిలిక్ మీద నేర్చుకోండి. బెజవాడ మే నెలలో చెమట చేతులతో ఊలు సూదికి అంటుకుంటుంది. అరచేతికి చిటికెడు పౌడరు రాసుకుంటే సరి, ముదురు రంగు ఊలు అయితే మాత్రం వద్దు.

ఇప్పుడు మీ కుట్లు లెక్కపెట్టండి. 30 ఉండాల్సినవి 33 అయ్యాయా? సాధారణంగా తప్పు అంచు దగ్గర జరుగుతుంది. పని తిప్పాక దారాన్ని సూది మీదుగా వెనక్కి వేస్తే మొదటి కుట్టు పైకి లేచి, దాని రెండు కాళ్లూ రెండు కుట్లలా కనిపిస్తాయి. రెంటినీ అల్లేస్తారు. దారాన్ని కిందికి లాగి, సూది కింద నుంచి వెనక్కి పంపండి. వరుస మధ్యలో చిల్లు పడి కుట్టు పెరిగితే కారణం వేరు: దారం రెండు సూదుల మధ్య నుంచి ముందుకు వచ్చింది, మీరు చూడకుండా అల్లుకుపోయారు.

గట్లు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉన్నాయంటే, కుట్టు కొలత సూది మొన మీద తయారవుతోందన్నమాట. మొన సన్నం, అక్కడ బిగించిన ఉచ్చు చిన్నదే అవుతుంది. ప్రతి కుట్టునీ కుడి సూది నిండు భాగం మీదికి జరిపి, అక్కడే దారాన్ని సర్దండి. గట్టిగా లాగకండి. దారం చూపుడువేలి మీదుగా జారుతూ రావాలి. నిజానికి ఎక్కువమంది బిగింపుతోనే పాడుచేసుకుంటారు, వదులుతో కాదు.

కుట్టు సూది మీద గుర్రమెక్కినట్టు కూర్చుంటుంది. కుడి కాలు ఇవతల, ఎడమ కాలు అవతల. జారిన కుట్టును ఎత్తి పెట్టినప్పుడు ఈ కాళ్లు తారుమారవుతాయి. అలాగే అల్లితే ఆ కుట్టు మెలిపడి బిగుసుకుపోతుంది. ఎడమ కాలు ముందుంటే వెనక కాలులోంచి అల్లండి, సరిపోతుంది.

కుట్టు జారి, అడ్డ దారాలు నిచ్చెన మెట్లలా కనిపిస్తే క్రోషా సూది (కొస కొక్కెంలా ఉండేది) కావాలి. జారిన ఉచ్చు కిందనే మీ వైపు బుడిపె ఉంటే, దాని పైనున్న మెట్టు ఆ ఉచ్చుకి వెనక ఉండాలి: క్రోషా సూదిని ఉచ్చులోకి ముందు నుంచి గుచ్చి, మెట్టును పట్టి ఇవతలికి లాగండి. ఆ పై మెట్టుకి పని తిప్పి మళ్లీ అదే చేయండి. తిప్పకుండా అన్నీ ఒక వైపు నుంచే లాగితే గట్ల మధ్య నిలువుగా ఒక జడ కనిపిస్తుంది. విప్పి మళ్లీ చేయాల్సిందే.

అంచు చక్కగా కావాలంటే: ప్రతి వరుస మొదట్లో దారం ముందుంచి, మొదటి కుట్టును అల్లకుండా పర్ల్ అల్లేటట్టు సూదిని కుడి నుంచి గుచ్చి కుడి సూదికి మార్చండి. దారాన్ని సూదుల మధ్య నుంచి వెనక్కి తీసుకుని మిగతావి ప్లెయిన్ అల్లండి. రెండు వరుసలకి ఒక గొలుసు కన్ను చొప్పున, మంచి చీర అంచులా నేరుగా వస్తుంది. తర్వాత రెండు ముక్కలు కలపాలన్నా ఆ కన్నులే దారి చూపిస్తాయి.

ఈ వారం అభ్యాసం: అదే ఊలు, అదే సూదులు, 30 కుట్లు, ఈ అంచుతో 30 గట్లు. ప్రతి 5 గట్లకి కుట్లు లెక్కపెట్టి, 10వ గట్టు దగ్గర కావాలనే ఒక కుట్టు జారవిడిచి నాలుగు మెట్లు దిగనివ్వండి, మళ్లీ ఎక్కించండి. కుట్లు ముగించకుండా సూది మీదే ఉంచండి. 5వ పాఠంలో పర్ల్ దాని మీదే మొదలుపెడతాం.