పలక కంటే ముందు కుంటుడాట: మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను వాకిట్లో ఎలా ఆడించాలి?

మా చిన్నదాన్ని నల్గొండలో బడిలో వేయడానికి తీసుకెళ్లినప్పుడు దానికి మూడున్నరేళ్లు. "ఏబీసీడీలు రాస్తుందా?" అని అడిగారు. ఒంటికాలి మీద నిలబడుతుందా, బంతి పట్టుకుంటుందా అని ఎవరూ అడగలేదు. నాకూ తట్టలేదు. ఇంటికొస్తూ పలక కొన్నాను. పది రోజులు రోజూ సాయంత్రం ఏడుపే. బలపం జారిపోయేది, గీత వంకర పోయేది, ఐదు నిమిషాలకే గోడకు ఒరిగిపోయేది. ఊరి నుంచి వచ్చిన మా అత్తమ్మ రెండు పూటలు చూసి, "భుజంల బలం లేంది వేళ్లకు యాడికెళ్లి వస్తది? ముందు దాన్ని ఎగరనియ్" అన్నది.

ఆమె అన్నది నిజమే. నిటారుగా కూర్చుని రాయాలంటే నడుము నిలవాలి, భుజం కుదురుగా ఉండాలి, ఆ తర్వాతే వేలికొసల పని. ఆ బలం పలక మీద రాదు. పరుగులో, దూకడంలో, ఎక్కి దిగడంలో వస్తుంది. దానికి కోచింగ్ అక్కర్లేదు, ఖరీదైన బొమ్మలూ అక్కర్లేదు. వాకిలి, గుప్పెడు ముగ్గుపిండి, పక్కన ఒక పెద్దమనిషి ఉంటే చాలు.

1. ముందు రెండు రోజులు ఊరికే చూడండి

ఏమీ నేర్పకండి. పిల్ల మెట్లు ఎలా ఎక్కుతోంది, కింద కూర్చున్నది ఎలా లేస్తోంది, దేనికి భయపడుతోంది, ఇవి చూడండి. మూడేళ్లు దాటిన పిల్లలు చాలామంది మెట్టుకో కాలు మార్చి ఎక్కుతారు, మూడు చక్రాల సైకిల్ తొక్కుతారు. నాలుగేళ్లకు పెద్ద బంతి వేస్తే ఎక్కువసార్లు పట్టుకుంటారు. ఐదేళ్లకు ఒంటికాలి మీద కుంటుతారు, కొన్ని గుండీలు సొంతంగా పెట్టుకుంటారు. ఒకరు నాలుగు నెలలు ముందు, ఒకరు నాలుగు నెలలు వెనక ఉంటారు. పక్కింటి పిల్లవాడితో పోల్చడానికి కాదు ఇది. ఏ ఆట నుంచి మొదలుపెట్టాలో మీకు తెలియడానికి.

2. పూట చూసుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ఇది: మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదపాలి. అందులో 60 నిమిషాలైనా రొప్పు వచ్చేలా ఆడాలి. ఫోను, టీవీ కలిపి గంటకు మించకూడదు. నిద్ర 10 నుంచి 13 గంటలు. మూడు గంటలనగానే టెన్షన్ పడకండి. దుకాణం దాకా నడవడం, మెట్లెక్కడం, కుక్కపిల్ల వెంట ఉరకడం అన్నీ అందులోకే వస్తాయి. పది, పదిహేను నిమిషాల ముక్కలుగా వచ్చినా సరే.

మన దగ్గర అసలు చిక్కు ఎండ. ఏప్రిల్, మే నెలల్లో నల్గొండలో 44 డిగ్రీలు పెద్ద వార్తేమీ కాదు. పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఐదున్నర తర్వాతే బయట ఆట. మధ్యాహ్నం ఇంట్లో బొంతలు మడతపెట్టి గుట్టగా పేర్చి ఎక్కించండి. మంచం కింద నుంచి పాకించండి. రెండు కుర్చీల మధ్య పాత చీర కడితే సొరంగం తయారు. పాకడం చంటిపిల్లల పని అనుకుంటారు గానీ భుజాలకు అంతకంటే మంచి ఆట లేదు. దాహం అని అడిగేదాకా ఆగకుండా మధ్యమధ్యలో నీళ్లు తాగించండి.

3. వాకిలిని ఒకసారి కలియతిరగండి

పిల్లల ఎత్తుకు వంగి చూడండి. సంపు మూత సరిగా ఉందా? దాని మీద పిల్లలు ఎక్కితే కదులుతోందా? అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. నిండిన డ్రమ్ములు, బకెట్లు కూడా అంతే ప్రమాదం. ఆటస్థలానికి దూరంగా పెట్టండి, మూత వేయండి. డాబా మీద పిట్టగోడ తక్కువ ఎత్తుంటే అక్కడ అసలు ఆడించొద్దు.

వట్టికాళ్లతో ఆడనివ్వండి. నేల తగిలితే పాదానికి పట్టు దొరుకుతుంది. కాకపోతే పల్లేరుకాయలు, తుమ్మముళ్లు, గాజుపెంకులు ముందే ఊడ్చేయాలి. బండలు వేసిన వాకిలి సాన్పు చల్లిన వెంటనే జారుతుంది, మధ్యాహ్నమైతే కాలుతుంది. అప్పుడు మట్టినేలే మేలు.

4. ముగ్గుపిండితో మొదలు

పొద్దున ముగ్గు వేశాక మిగిలిన పిండితో పది అడుగుల గీత గీయండి. దాని మీద నడవమనండి. ఇదే మొదటి ఆట. రెండు మూడు రోజులకు అలవాటైతే గీతను పాములా వంకర తిప్పండి. తర్వాత చేతిలో సగం నీళ్లున్న చెంబు పెట్టి నడిపించండి. నీళ్లు ఒలికితే ఒలకనివ్వండి. ఆ తర్వాత ఇటుకలు అడ్డంగా పడుకోబెట్టి వరుసగా పేర్చి వాటి మీద నడిపించండి. మొదట వేలు పట్టుకోవాలి, తర్వాత వేలు పక్కనే ఉంచాలి, ఆ తర్వాత మెల్లగా తీసేయాలి. ఈ మూడింటికి మా ఇంట్లో మూడు వారాలు పట్టింది.

దూకడం కూడా గీతతోనే. రెండు కాళ్లు కలిపి గీత దాటాలి. కుదిరాక రెండు గీతలు గీసి మధ్యలో "కాలువ" అని చెప్పండి, రోజూ కాస్త వెడల్పు చేయండి. తర్వాత అన్నిటికంటే కింది మెట్టు మీద నుంచి దూకించండి. మోకాళ్లు వంచి నేలమీద దిగడం నేర్పాలి. మాటల్లో చెబితే అర్థం కాదు. "కప్పలెక్క దుంకు" అంటే అర్థమవుతుంది.

ఇక తొక్కుడుబిళ్ల. మనం చిన్నప్పుడు ఆడిన ఆట మూడేళ్ల పిల్లకు అలాగే ఇస్తే రాదు, రెండు నిమిషాల్లో అలిగి పోతుంది. మెట్లు మెట్లుగా ఇవ్వాలి. మూడేళ్లకు బిళ్ల వద్దు, నాలుగు గళ్లు గీసి గడికోసారి రెండు కాళ్లతో దూకితే చాలు. నాలుగేళ్లకు ఒక గడిలో ఒంటికాలు, ఒక గడిలో రెండు కాళ్లు. గోడనో మీ చేతినో పట్టుకోవచ్చు. ఐదేళ్లకు దగ్గర పడ్డాక బిళ్ల ఇవ్వండి. బిళ్ల వేయడంలో గురి, కుంటడంలో నిలకడ, ఎన్నో గడో చూసుకోవడంలో లెక్క, మూడూ వస్తాయి. కుడికాలితో పాటు ఎడమకాలితోనూ కుంటించండి.

ఆడపిల్లలను నాలుగేళ్లు నిండకముందే "ఏందే ఆ ఎగురుడు" అని కూర్చోబెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అదే పిల్ల బతుకమ్మ తొమ్మిది రోజులూ వంగి, లేచి, చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరిగితే మురిసిపోతాం. అడుగు, చప్పట్లు ఒకే లయలో కలపడం ఈ వయసుకు చాలా పెద్ద పని. మగపిల్లలనూ ఆ ఆటలో కలపండి.

ఒక జాగ్రత్త. ఒప్పుల కుప్ప పిల్లలు పిల్లలు ఆడుకుంటే పర్వాలేదు. పెద్దవాళ్లు మాత్రం పిల్లల మణికట్లు పట్టుకుని గాల్లోకి లేపి గిరగిరా తిప్పొద్దు, ఒక్క చేయి పట్టి గుంజొద్దు. ఈ వయసులో మోచేతి దగ్గర ఎముక ఇట్టే పక్కకు జారుతుంది. పిల్ల ఒక్కసారిగా ఏడ్చి చేయి వేలాడేసుకుంటుంది. ఎత్తాలంటే చంకల కింద చేతులు పెట్టి ఎత్తండి.

5. బంతి: తొందర వద్దు

పట్టుకోవడం మనకు చిన్న పనిలా కనిపిస్తుంది. పిల్లకు అలా కాదు. వచ్చే బంతిని కళ్లు వెంబడించాలి, సరైన క్షణానికి చేతులు మూసుకోవాలి. అందుకే మొదట్లో అందరూ ముఖం తిప్పుకుంటారు. అప్పుడు నవ్వామంటే బంతి ఆటే వద్దంటారు.

ఎదురెదురుగా కాళ్లు చాపి కూర్చుని బంతిని నేలమీద దొర్లించడంతో మొదలుపెట్టండి. నాలుగు రోజుల తర్వాత బుగ్గ (బెలూన్) ఊది ఇవ్వండి. బుగ్గ నిదానంగా దిగుతుంది కాబట్టి చేతులు సిద్ధం చేసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. పగిలిన వెంటనే ముక్కలన్నీ ఏరి పారేయాలి, ఊదని బుగ్గలు పిల్లలకు అందనివ్వకూడదు. గొంతులో పడితే ప్రాణం మీదికి వస్తుంది.

తర్వాత తలకాయంత మెత్తని బంతి. రెండడుగుల దూరం నుంచి, సరిగ్గా ఛాతీ మీదికి, కింది నుంచి వేయండి. చేతులు చాచి ఒడిలోకి హత్తుకున్నా పట్టినట్టే. అది బాగా వచ్చాక ఒక అడుగు వెనక్కి జరగండి, అప్పుడే చిన్న బంతి తీయండి. పాత లుంగీ చింపి గట్టిగా చుట్టి దారం కట్టిన బట్టబంతి దుకాణం బంతి కంటే మంచిది. తగిలినా నొప్పి ఉండదు, మోరీలోకి దొర్లిపోదు.

విసరడానికి గోడ మీద సుద్దతో పెద్ద గుండ్రం గీస్తే సరిపోతుంది. తన్నడానికి ఖాళీ నీళ్ల సీసాలు నిలబెట్టండి. అవి పడే చప్పుడే పిల్లలకు బహుమతి.

6. వేళ్ల పని వంటింట్లో ఉంది

చిక్కుడుకాయలు తుంచడం, జొన్నరొట్టె చేసేటప్పుడు ఒక ముద్ద ఇచ్చి పిసికించడం, తీగ మీద ఆరేసిన బట్టలకు క్లిప్పులు పెట్టించడం, తడిగుడ్డ పిండించడం. ఇవన్నీ బలపం పట్టే వేళ్లకు సాధనే. పాలమూరు వైపు పల్లికాయ లేని ఇల్లుండదు, వలవడానికి కూర్చోబెట్టండి. కానీ గింజలు లెక్క చూసుకుంటూ పక్కనే ఉండండి. ఐదేళ్ల లోపు పిల్లలకు పల్లి గింజలు అలాగే తినడానికి ఇవ్వకూడదు, పొడి చేసి పెట్టాలి. చింతగింజలు, కందులు ముక్కులో దూర్చుకోవడం మామూలే కాబట్టి వాటితో ఆట మీ కళ్లముందే జరగాలి.

7. మన నోరు

"పడ్తవ్, పడ్తవ్" అనడం మానడమే నాకు అన్నిటికంటే కష్టమైంది. ఆ మాట విన్న పిల్ల ఆగి మన వైపు చూస్తుంది, అప్పుడే పడుతుంది. దాని బదులు ఏం చేయాలో చెప్పండి: "ఎడమకాలు ఆ ఇటుక మీద పెట్టు", "రెండు చేతులతో పట్టుకో". అరుగు ఎక్కింది కదా అని ఎత్తుకుని దింపేయకండి. కింద నిలబడి, కాలు ఎక్కడ పెట్టాలో చూపించి, తననే దిగనివ్వండి. సొంతంగా ఎక్కలేని చోటికి మనం ఎక్కించకూడదు, ఇదొక్క నియమం. తాను ఎక్కగలిగిందంటే చాలావరకు దిగనూ గలదు.

వద్దంటే ఆ రోజుకు వదిలేయండి. మీరే గళ్లలో కుంటండి. రెండు నిమిషాల్లో వెనకాల వస్తారు.

8. వారానికోసారి వాకిలి దాటండి

చాలా గ్రామాల్లో పల్లె ప్రకృతి వనాలు ఉన్నాయి, ఎగుడుదిగుడు మట్టిదారిలో నడవడం ఇంటి బండల మీద దొరకని సాధన. మహబూబ్‌నగర్ వాళ్లకు పిల్లలమర్రి ఉండనే ఉంది. ఊడలు పట్టుకుని ఊగే రోజులు పోయాయి. చెదలు పట్టి 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించుకున్న చెట్టు అది, దాన్ని ముట్టకుండా చుట్టూ నడిపించాలి. అంగన్‌వాడీకి పంపుతుంటే అక్కడ ఆటల వేళ పిల్ల ఏం చేస్తోందో టీచరును అడగండి. ఇంట్లో చేయనిది అక్కడ తోటిపిల్లలను చూసి చేస్తుంటారు.

9. డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

ఇంతకుముందు వచ్చిన పని ఇప్పుడు చేయలేకపోతే, ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తుంటే, ఒకవైపు చేయి, కాలు తక్కువగా వాడుతుంటే, కింద నుంచి లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆనించుకుంటూ పైకి పాకినట్టు లేస్తుంటే ఆలస్యం చేయొద్దు. అంగన్‌వాడీలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి చెప్పినా పరీక్ష చేసి పెద్దాసుపత్రికి పంపుతారు.

మన నల్గొండ జిల్లాలో ఇంకో భయం ఉంది. మోకాళ్లు కాస్త దగ్గరగా కనిపిస్తే చాలు, నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకల జబ్బు వచ్చిందేమోనని అవ్వలు హడలిపోతారు. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిన కాళ్లను చూసిన కళ్లు అవి, తప్పుపట్టలేం. అయితే మూడు, నాలుగేళ్లప్పుడు మోకాళ్లు లోపలికి ఒరగడం చాలామంది పిల్లల్లో ఉంటుంది, ఏడేళ్లు వచ్చేసరికి దానంతట అదే సర్దుకుంటుంది. ఒక కాలే వంగినా, నొప్పి ఉన్నా, రోజురోజుకూ పెరుగుతున్నా చూపించండి. తాగే నీళ్లు బోరువా, మిషన్ భగీరథ నల్లావా అన్నది కూడా డాక్టరుకు చెప్పండి.

10. పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉంటే

పాలమూరు నుంచి పనికి ముంబైకో హైదరాబాద్‌కో పోయిన తల్లిదండ్రులకు ఇది అసలు ప్రశ్న. అవ్వకు మోకాళ్ల నొప్పులు, పిల్లవాడి వెంట ఉరకలేదు. ఆమెకు కూర్చుని ఆడించే ఆటలు చెప్పండి: బంతి దొర్లించడం, రొట్టెముద్ద, గీత మీద నడిపించడం, "ఆ చెట్టును ముట్టుకుని రా, నేను లెక్కపెడతా" అనడం. ఈ చివరి ఆటకు అవ్వ అరుగు దిగనక్కర్లేదు, పిల్లవాడు మాత్రం ఇరవైసార్లు ఉరుకుతాడు. వీడియో కాల్ చేసినప్పుడు "అన్నం తిన్నావా" దగ్గరే ఆగకుండా, కుంటి చూపించమనండి. ఫోన్ చేతిలో పట్టుకోకుండా బిందెకు ఆనించి నిలబెట్టమని అవ్వకు చెప్పండి, ఆమె చేతులు ఖాళీగా ఉంటాయి, పిల్లవాడు తలా పాదం కనిపిస్తాడు.