ఇతరుల ఓపెన్ సోర్స్ కోడ్‌ను మన ప్రాజెక్టులోకి తీసుకోవడం ఎలా?

బహిరంగంగా కనిపించే కోడ్‌ను ఎవరైనా తీసుకోవచ్చనుకోవడం పొరపాటు. భారత కాపీరైట్ చట్టం, 1957 కంప్యూటర్ ప్రోగ్రాంను కూడా సాహిత్య రచనగానే పరిగణిస్తుంది. కాబట్టి రాసినవారు లైసెన్సు ద్వారా అనుమతిస్తేనే దాన్ని నకలు చేసుకోగలం.

మొదట ప్రాజెక్టులోని లైసెన్సు ఫైలును, ఆ తర్వాత మీరు తీసుకోదలచిన ఫైలు పైభాగాన్ని చదవండి. రెండూ చూడాలి, ఎందుకంటే ఒకే ప్రాజెక్టులో వేర్వేరు లైసెన్సులు ఉండవచ్చు: వీడియో, ఆడియోలను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రోగ్రాంలో అధిక భాగం ఎల్‌జీపీఎల్ (జీపీఎల్ కన్నా సడలింపులున్న లైసెన్సు) కింద ఉన్నా, ఐచ్ఛికమైన కొన్ని భాగాలు జీపీఎల్ (తన కోడ్‌ను కలిపి పంచే ప్రోగ్రాంకూ అవే షరతులు కోరే లైసెన్సు) కింద ఉన్నాయి. లైసెన్సే లేకపోతే ఆ కోడ్‌ను ముట్టుకోకుండా రచయితను అడగండి.

తర్వాత ఆ లైసెన్సు మీ ప్రాజెక్టు లైసెన్సుతో పొసగుతుందో లేదో చూడాలి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. షరతులు చాలా తక్కువగా ఉండే ఎంఐటీ లైసెన్సు కోడ్‌ను జీపీఎల్ ప్రాజెక్టులో కలపవచ్చు. కానీ జీపీఎల్ కోడ్‌ను ఎంఐటీ ప్రాజెక్టులో కలిపి పంపిణీ చేస్తే, ఆ ప్రోగ్రాం మొత్తాన్నీ జీపీఎల్ షరతులతోనే ఇవ్వాలి. అపాచీ 2.0 అనే మరో లైసెన్సు ఉన్న కోడ్ జీపీఎల్ 3వ వెర్షన్‌తో కలుస్తుంది గాని, పేటెంట్లకు సంబంధించిన షరతుల వల్ల జీపీఎల్ 2తో కలవదని, జీపీఎల్‌ను రూపొందించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చెబుతోంది. అయితే "జీపీఎల్ 2 లేదా తర్వాతి వెర్షన్" అని రాసి ఉంటే 3ను ఎంచుకునే వీలుంటుంది. కాబట్టి ఆ చిన్న మాటను తప్పక వెతకండి. జీపీఎల్‌కు మరో రూపమైన ఏజీపీఎల్ కింద ఉన్న కోడ్‌ను మార్చి సర్వరులో నడిపితే, ప్రోగ్రాంను ఎవరికీ పంచకపోయినా, నెట్‌వర్క్ ద్వారా వాడేవారికి సోర్స్ కోడ్ అందుబాటులో ఉంచాలి.

కోడ్‌ను చేర్చేటప్పుడు కాపీరైట్ వాక్యాన్నీ లైసెన్సు పాఠాన్నీ అలాగే ఉంచండి. ఎంఐటీ లైసెన్సు మనను అడిగేది దాదాపు ఇదొక్కటే. దాన్ని కూడా చెరిపివేయడం రచయితకు చేసే అన్యాయమని నా అభిప్రాయం. అపాచీ అయితే మార్చిన ఫైళ్లలో మార్చినట్లు తెలపాలి, నోటీస్ ఫైలు ఉంటే అందులోని ప్రకటనలనూ అందించాలి. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలోని సమాధానాలకు క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ (పేరు చెప్పి, అదే లైసెన్సుతో పంచాలనే) లైసెన్సు వర్తిస్తుంది గనుక అక్కడి కోడ్‌కూ రచయిత పేరు, లంకె ఇవ్వాలి.

కోడ్ ఎక్కడిది, ఏ కమిట్ (కోడ్ చరిత్రలో నమోదైన మార్పు) నుంచి తీసుకున్నారు, లైసెన్సు ఏది అన్న వివరాలను అదే రోజున ఒక ఫైలులో రాసి పెట్టుకోండి. ఏడాది తర్వాత వెతకడం చాలా కష్టం.

లైసెన్సు పొసగకపోతే వేరే లైసెన్సు కింద ఇవ్వమని రచయితను రాతపూర్వకంగా కోరవచ్చు. పలువురు రాసిన కోడ్ అయితే హక్కుదారులందరూ ఒప్పుకోవాలి. అది కుదరనప్పుడు, కాపీరైట్ రచనకే గాని ఆలోచనకు వర్తించదు కనుక, ఆ పద్ధతిని అర్థం చేసుకుని, మూలాన్ని పక్కన పెట్టి, సొంతంగా రాసుకోండి.